రిచ్ రోడ్రిగెజ్ రెండో రాక: అఫెన్స్ అందరికీ తెలిసిందే, డిఫెన్స్ సంగతేంటి?

2024 డిసెంబర్ 12న వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ జట్టును మళ్లీ రిచ్ రోడ్రిగెజ్ చేతిలో పెట్టింది. 2007లో ఇదే మనిషి జట్టును వదిలి మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లిపోయినప్పుడు, ఇక గడప తొక్కనివ్వం అన్నవాళ్లు ఈ యూనివర్సిటీ ఉన్న ఊరు మోర్గన్‌టౌన్‌లో కోకొల్లలు. ఒప్పందం ప్రకారం రావాల్సిన 40 లక్షల డాలర్ల కోసం యూనివర్సిటీ కోర్టు దాకా వెళ్లింది. 2008 జులైలో రాజీ కుదిరి, 25 లక్షలు మిషిగన్, 15 లక్షలు రోడ్రిగెజ్ కట్టేలా తేలింది. అంత గొడవపడి వెళ్లినవాణ్ని తిరిగి పిలిచారంటే కారణం ఒక్కటే. అతను ఉన్నప్పుడు గెలిచినట్టు ఆ జట్టు తర్వాత చాలా ఏళ్లు గెలవలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండు మంది అఫెన్స్, ఎదుటివాళ్లను ఆపే పదకొండు మంది డిఫెన్స్. ఆటగాళ్లు వేరు, వాళ్లకు నేర్పే కోచ్‌లూ వేరు. అందుకే హెడ్ కోచ్ మారగానే అఫెన్స్ ఎలా ఉంటుంది, డిఫెన్స్ ఎవరికి అప్పజెబుతారు అని రెండు ప్రశ్నలు వస్తాయి. రోడ్రిగెజ్ విషయంలో మొదటిదానికి జవాబు ముప్పై ఏళ్లుగా అందరికీ తెలుసు.

బొగ్గు గనుల ఊరు గ్రాంట్ టౌన్‌లో పెరిగిన రోడ్రిగెజ్ ఇదే యూనివర్సిటీలో చదివాడు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకొచ్చి డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడే సేఫ్టీగా ఆడాడు. 1990లో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీకి కోచ్ అయ్యాడు. అతని పేరు నిలబెట్టిన ‘జోన్ రీడ్’ అక్కడే, అదీ ఒక పొరపాటులోంచి పుట్టింది. ప్రాక్టీసులో, అఫెన్స్‌ను నడిపించే క్వార్టర్‌బ్యాక్ జెడ్ డ్రెన్నింగ్ బంతిని పక్కనున్న రన్నింగ్ బ్యాక్‌కు, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి, అందించాలి. అందించడం కుదరలేదు. బంతి తన చేతిలోనే ఉండిపోయేసరికి అవతలి వైపుకు పరిగెత్తాడు. ఎందుకలా చేశావని కోచ్ అడిగితే, చివర నిలబడ్డ డిఫెన్సివ్ ఎండ్ రన్నింగ్ బ్యాక్ మీదికి దూసుకెళ్లాడు, అతను వదిలేసిన చోటు ఖాళీగా కనిపించింది అన్నాడు.

అప్పటి నుంచి అదే ఒక ఎత్తుగడ అయింది. డిఫెన్సివ్ ఎండ్‌ను కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, ఎండ్ భుజాలు ఎటు తిరిగాయో చూస్తాడు. లోపలికి తిరిగితే బంతి లాక్కుని తనే బయటివైపు పరిగెడతాడు, అక్కడే నిలబడితే బంతి వదిలేస్తాడు. ఎండ్ ఏం చేసినా తప్పే. పైగా అడ్డుకునేవాడు ఒకడు మిగులుతాడు, వాణ్ని ఇంకెక్కడైనా వాడుకోవచ్చు. ఆటగాళ్లను మైదానం అడ్డంగా పరచి, ఊపిరి తీసుకునే టైమ్ ఇవ్వకుండా వరసగా ఆడించడం దీనికి తోడు. టులేన్‌లో ఈ అఫెన్స్‌ను అతను నడిపిన రెండో ఏడాది, 1998లో, ఆ జట్టు 12 మ్యాచ్‌లకు 12 గెలిచింది.

2001లో సొంత యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడాది 3 గెలుపులు, 8 ఓటములు. 2005లో ప్యాట్ వైట్ క్వార్టర్‌బ్యాక్‌గా, స్టీవ్ స్లేటన్ రన్నింగ్ బ్యాక్‌గా కుదిరాక కథ మారింది. 2006 జనవరి 2న సీజన్ చివర్లో జరిగే పెద్ద మ్యాచ్ షుగర్ బౌల్‌లో జార్జియాను 38-35తో ఓడించారు. స్లేటన్ 204 గజాలు పరిగెత్తాడు. చివర్లో బంతిని తన్నేసి అప్పగించాల్సిన పంటర్ తన్నకుండా పరిగెత్తడంతో జార్జియాకు మళ్లీ బంతి దక్కలేదు. ఆ తెగింపే రోడ్రిగెజ్‌ది!

ఆ రోజుల గురించి మాట్లాడేవాళ్లు తరచూ మరిచిపోయే పేరు జెఫ్ కాస్టీల్. డిఫెన్స్ అతనిది. ముందు ముగ్గురు, వాళ్ల వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు, ఆ వెనక అయిదుగురు. అందరూ చెప్పే 3-3-5 ఇదే. నూటముప్పై కిలోల కుర్రాళ్లు ఆ కొండ రాష్ట్రంలో అంతమంది దొరకరు. సన్నగా, చురుగ్గా ఉండేవాళ్లు దొరుకుతారు. దొరికినవాళ్లతోనే, దాడి ఎటునుంచి వస్తుందో తెలియకుండా చేసే పద్ధతి ఇది. 2007 డిసెంబర్ 1న, గెలిస్తే జాతీయ ఫైనల్ ఆడాల్సిన రాత్రి, పిట్స్‌బర్గ్ చేతిలో 13-9తో ఓడిపోయారు. చూడండి, ఆ రాత్రి డిఫెన్స్ ఇచ్చింది పదమూడే. చేతులెత్తేసింది అఫెన్స్.

రెండు వారాలకే రోడ్రిగెజ్ మిషిగన్ బాట పట్టాడు. కాస్టీల్ మోర్గన్‌టౌన్‌లోనే ఉండిపోయాడు. నా లెక్కలో రోడ్రిగెజ్ జాతకం తిరగబడింది అక్కడే. మిషిగన్‌లో మొదటి ఏడాది 3 గెలుపులు, 9 ఓటములు. తన అఫెన్స్‌కు సరిపోయే క్వార్టర్‌బ్యాక్ లేడు. 2010కి డెనార్డ్ రాబిన్సన్ రూపంలో దొరికాడు. ఆ ఒక్క సీజన్‌లో 1,702 గజాలు పరిగెత్తాడు. అయినా లాభం లేకపోయింది, డిఫెన్స్ మ్యాచ్‌కు సగటున 35 పాయింట్లు ఇచ్చుకుంది. 3-3-5తో అలవాటు లేని గ్రెగ్ రాబిన్సన్ చేత అదే ఆడించాలని చూశారు. ఇల్లినాయ్‌పై 67-65తో గెలిచిన మ్యాచ్ చూస్తే సంబరపడాలో భయపడాలో అర్థం కాదు. 2011 జనవరిలో ఉద్వాసన. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, రోడ్రిగెజ్‌కు రచ్చ అచ్చిరాలేదు.

2012లో అరిజోనాకు వెళ్లినప్పుడు కాస్టీల్‌ను వెంట తెచ్చుకున్నాడు. 2014లో 10 మ్యాచ్‌లు గెలిచారు. కానీ డిఫెన్స్ పాత స్థాయికి రాలేదు. 2016 మొదట్లో కాస్టీల్‌నే తీసేశాడు. అఫెన్స్ మాత్రం ఎప్పటిలాగే. 2017లో గాయపడ్డవాడి బదులు దిగిన ఖలీల్ టేట్ కొలరాడోపై 327 గజాలు పరిగెత్తాడు. పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్‌కు అప్పటికి అది రికార్డు.

2018లో అక్కడా ఉద్యోగం పోయింది. నిలదొక్కుకున్నది జాక్సన్‌విల్ స్టేట్‌లో. ఈ ఊరు ఫ్లోరిడాలోది కాదు, అలబామాలోది. 2022, 2023లో డిఫెన్స్ చూసింది జాక్ అలీ అనే యువ కోచ్. క్లెమ్సన్ యూనివర్సిటీలో డిఫెన్స్ కోచ్ బ్రెంట్ వెనబుల్స్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇతనిది పాత 3-3-5 కాదు. ముందు వరసను మార్చి మార్చి నిలబెట్టడం, ఎటునుంచో బ్లిట్జ్, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా దూసుకెళ్లేవాళ్లను, పంపడం ఇతని పద్ధతి. 2024లో ఓక్లహోమాకు వెళ్లిన అలీని రోడ్రిగెజ్ మోర్గన్‌టౌన్‌కు రాగానే పిలిపించుకున్నాడు. ఆ నెలలో జరిగిన ముఖ్యమైన నియామకం ఇదేనని నా అభిప్రాయం. మిషిగన్‌లో పట్టించుకోని పాఠం ఈసారి ఒంటబట్టినట్టుంది.

వెస్ట్ వర్జీనియాకు 2025 సీజన్ 4 గెలుపులు, 8 ఓటములతో ముగిసింది. పిట్స్‌బర్గ్‌ను ఓవర్‌టైమ్‌లో 31-24తో ఓడించారు. కానీ యూటా 48 పాయింట్లు, చివరి మ్యాచ్‌లో టెక్సస్ టెక్ 49 పాయింట్లు చేశాయి, ఆ రెండోదాంట్లో మనవాళ్లవి సున్నా. క్వార్టర్‌బ్యాక్‌లను మార్చీ మార్చీ చివరికి కొత్తగా చేరిన స్కాటీ ఫాక్స్ దగ్గర ఆగాక హ్యూస్టన్‌పై 45-35 గెలుపు వచ్చింది. మొదటి ఏడాది అంకెలు చూసి టెన్షన్ పడనక్కర్లేదని పాత అభిమానులు 2001ని గుర్తు చేస్తున్నారు. అయితే అప్పుడు జోన్ రీడ్ చాలా జట్లకు కొత్త. ఇప్పుడు హైస్కూల్ పిల్లలకూ అది వచ్చు, దాన్ని ఆపడమూ వచ్చు. అప్పటంత తేడా ఆ ఒక్క ఎత్తుగడ తేలేదు. ఆ లోటు పూడాలంటే డిఫెన్స్‌లో అలీ ఎవరిని నిలబెడతాడో చూడాలి. అందులోనూ యూటా, టెక్సస్ టెక్ లాంటి జట్ల ఎదుట ముందు వరసలో నిలబడేది ఎవరో.