గాలిలో క్వాంటం తాళంచెవి: నేను తరచూ వినే అపోహలు

అపోహ: క్వాంటం లింకులో మన మెసేజ్ ఎవరికీ కనపడకుండా వెళ్తుంది.

మెసేజ్ అందులో వెళ్లదండీ. ఆ లింకు మీద ఒక్కో ఫోటాన్‌ని, అంటే వెలుతురు కణాన్ని, పంపితే రెండు వైపులా తయారయ్యేది కీ మాత్రమే, అంటే ఇద్దరి దగ్గరా అచ్చం ఒకేలా ఉండే సున్నాలు, ఒకట్ల (బిట్ల) వరుస. దాంతో లాక్ చేసిన మెసేజ్ మామూలు నెట్‌లోనే పోతుంది. 2021లో ఇస్రో వాళ్లు అహ్మదాబాద్‌లో రెండు భవనాల మధ్య 300 మీటర్ల గాలిలో రాత్రిపూట చేసి చూపించింది ఇదే: అలా వచ్చిన కీతో వీడియో కాల్‌ని లాక్ చేసి మాట్లాడుకున్నారు.

అపోహ: మధ్యలో ఎవరూ తొంగిచూడలేరు.

చూడొచ్చు, కానీ చూస్తే దొరికిపోతారు. ఒక్కో ఫోటాన్‌ని కాపీ తీయడం కుదరదు, కొలిస్తే దాని స్థితి చెదురుతుంది, అందుకే అవతల అందే బిట్లలో తప్పులు పెరుగుతాయి. బీబీ84 అనే కీ తయారీ పద్ధతిలో తప్పులు సుమారు 11 శాతం దాటితే ఆ కీని పారేస్తాం, మెసేజ్ ఇంకా పంపలేదు కాబట్టి పోయిందేమీ ఉండదు. నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇదే. అయితే ఎండ వెలుతురు వల్లా, పరికరాల లోపం వల్లా కూడా తప్పులొస్తాయి, ఏది దేనివల్లో తేల్చలేం, అందుకని ప్రతి తప్పునీ దొంగ ఖాతాలోనే రాసి లెక్క కడతాం.

అపోహ: ఫైబర్ ఉండగా గాలి ఎందుకు?

పొగమంచు పడితే గాలి లింకు ఆగిపోతుంది, నిజమే. కానీ మంచి ఫైబర్‌లో కూడా ప్రతి 15 కిలోమీటర్లకు వెలుతురు సగమైపోతుంది, కాపీ తీయలేని ఫోటాన్‌ని మధ్యలో పెంచి పంపే దారీ లేదు. పైకి వెళ్తే గాలి పలచబడుతుంది, ఆ పైన శూన్యమే. 2016లో చైనా మిసియస్ ఉపగ్రహాన్ని పంపింది అందుకే.

2025లో డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ కలిసి కిలోమీటరుకి మించిన దూరం గాలిలో సెకనుకి దాదాపు 240 బిట్ల కీ తీశాయి. ఇంతేనా అని చాలామంది పెదవి విరుస్తారు. మెసేజ్‌లని లాక్ చేసే మామూలు పద్ధతి ఏఈఎస్‌కి 256 బిట్ల కీ ఒకటి కావాలంటే సెకను పైన కాస్త చాలు కదా!

అపోహ: దీన్ని హ్యాక్ చేయలేరు.

సిద్ధాంతాన్ని చేయలేరు, డబ్బాని చేయొచ్చు. మార్కెట్లో అమ్ముతున్న యంత్రాల డిటెక్టర్లకే గట్టి వెలుతురు కొట్టి, వాటి కళ్లు కప్పి, పట్టుబడకుండా కీ లాగొచ్చని 2010లోనే పరిశోధకులు చూపించారు. ఇంకొకటి, అవతల ఉన్నది మనవాడేనా అన్నది ఫోటాన్ చెప్పదు. దానికి ముందే ఇద్దరి దగ్గరా ఒక చిన్న రహస్యం ఉండాలి, లేదా వేరే నమ్మకమైన గుర్తింపు పద్ధతి ఉండాలి. కొనేవాళ్లు ముందు ఆ ప్రశ్న అడగండి, దూరం ఎంత అన్నది తర్వాత.