కేసు ఉంటే పోటీ చేయకూడదా? అనర్హతపై అపోహలు - వాస్తవాలు

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే మా ఆఫీసులో ఫోన్ ఆగదు. ఎన్నికల పిటిషన్లు చూసే లాయర్ని కదా, అందరూ ఒకటే టెన్షన్‌తో అడుగుతారు: "సార్, నా మీద కేసుంది, నామినేషన్ నిలుస్తుందా?" నిజంగా మునిగేది వేరేచోట. దాని గురించి మాత్రం ఒక్కరూ అడగరు.

అపోహ: కేసు ఉంటే పోటీకి పనికిరారు.

ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, అరెస్టు... వీటిలో ఏదీ అడ్డు కాదు. కోర్టు దోషి అని తేల్చాలి. అనర్హతలకు మూలం రాజ్యాంగంలోని 102, 191 అధికరణలు. నేరాల సంగతి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ చూసుకుంటుంది. మామూలు నేరాల్లో రెండేళ్లు, ఆపైన జైలు శిక్ష పడితే అనర్హత. అవినీతి నిరోధక చట్టం లాంటి కొన్నింటిలో జరిమానా పడినా చాలు. జైలు శిక్ష పడితే, విడుదలయ్యాక కూడా ఆరేళ్లు ఆగాల్సిందే. ఇంకో తమాషా ఉంది. జైల్లో ఉన్న విచారణ ఖైదీకి ఓటు వేసే వీల్లేదు, పోటీ చేసే హక్కు మాత్రం ఉంది! 2024లో కశ్మీర్ నాయకుడు ఇంజనీర్ రషీద్ జైల్లో ఉండే అక్కడి బారాముల్లా నుంచి లోక్‌సభకు గెలిచారు.

అపోహ: అప్పీలు వేశాం, బెయిలొచ్చింది, ఇంకేం భయం?

ఇక్కడా చాలామంది బోల్తా పడతారు. ఒకప్పుడు పదవిలో ఉన్నవాళ్లకు అప్పీలుకు మూడు నెలల గడువు ఉండేది, అప్పీలు వేస్తే పదవి నిలిచేది. 2013 జులై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది. ఇప్పుడు తీర్పు వచ్చిన రోజే పదవి పోతుంది. శిక్ష అమలు ఆపితే మనిషి జైలు బయట ఉంటాడు, అంతే. అనర్హత పోవాలంటే దోషి అన్న నిర్ధారణ మీదే స్టే రావాలి. స్టే ఆర్డరు చేతికి రాగానే నేను మొదట వెతికేది ఆ ఒక్క మాట కోసమే. జయలలితకు శిక్ష ఆగింది కానీ నిర్ధారణ ఆగలేదు. 2001లో ఆమె నామినేషన్లు తిరస్కరించారు. అయినా ముఖ్యమంత్రి అయ్యారు, సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నియామకం చెల్లదంది. 2025 మేలో హైదరాబాద్ సీబీఐ కోర్టు ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దన్ రెడ్డికి ఏడేళ్ల శిక్ష వేయగానే కర్ణాటకలో ఆయన ఎమ్మెల్యే పదవి పోయింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు నిర్ధారణనే నిలిపేశాక తిరిగి వచ్చింది.

అపోహ: ముగ్గురు పిల్లలుంటే ఎమ్మెల్యే కాలేరు.

అది ఎప్పుడూ స్థానిక సంస్థల నిబంధనే. ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్నీ తీసేసింది. చదువు లేకపోయినా, బ్యాంకుకు బాకీ ఉన్నా అనర్హత రాదు. కోర్టు దివాలా తీసినట్టు ప్రకటిస్తే వేరే సంగతి.

అపోహ: జీతం తీసుకోలేదు, కాబట్టి లాభదాయక పదవి కాదు.

లాభదాయక పదవంటే ప్రభుత్వం కింద జీతభత్యాలు దక్కే పదవి, అది ఉంటే అనర్హతే. ఉత్తరప్రదేశ్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ అధ్యక్షురాలిగా ఉన్నందుకు 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం పోయింది. డబ్బు తీసుకోలేదన్న వాదన సుప్రీంకోర్టులో నిలవలేదు. తీసుకునే వీలున్న పదవైతే చాలు, ముట్టుకున్నారా లేదా అన్నది అనవసరం.

అపోహ: పని ఎప్పుడో అయిపోయింది, బిల్లు రాలేదంతే, అయినా ప్రభుత్వ కాంట్రాక్టు అడ్డొస్తుంది.

మన ఊళ్లలో సగంమంది నాయకులు కాంట్రాక్టర్లే కదా. ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తుంటే అనర్హతే. కానీ అదే 1951 చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం పని పూర్తిగా చేసేసి ఉంటే, ప్రభుత్వం డబ్బు బాకీ పెట్టినంత మాత్రాన కాంట్రాక్టు బతికున్నట్టు కాదు. పైగా ఎమ్మెల్యే అభ్యర్థికి రాష్ట్ర ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు, ఎంపీ అభ్యర్థికి కేంద్రంతో ఉన్నవే చూస్తారు. పని కొంచెమైనా మిగిలుంటే మాత్రం చిక్కే. పూర్తయినట్టు కాగితం నామినేషన్ల పరిశీలన రోజుకు ముందే సంపాదించుకోండి.

అపోహ: ఓడిపోయాం, ఇక లెక్కలెందుకు?

నేను మొదట్లో అన్న ఆ వేరేచోటు ఇదే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేయొచ్చు. డిపాజిట్ పోయిన స్వతంత్రులే ఎక్కువగా దీన్ని వదిలేస్తారు. ఈలోగా మరో ఎన్నిక వస్తే అప్పుడు పరుగున వస్తారు. అప్పటికీ ఒక దారి ఉంది: ఆ చట్టం 11వ సెక్షన్ కింద ఆ అనర్హతను తీసేసే, కాలం తగ్గించే అధికారం సంఘానికే ఉంది. అర్జీ మాత్రం నామినేషన్ల గడువుకు బాగా ముందే పెట్టుకోవాలి.