లేని మూలకాన్ని డెబ్బై ఏళ్లు నమ్మారు, తప్పా?

టెస్ట్ చేయడానికి వీల్లేని దాన్ని నమ్మడం మూఢనమ్మకమే కదా సార్, మరి సైంటిస్టులు మాత్రం కంటికి కనపడనివి బోలెడు నమ్ముతారేంటి అని ఒక కుర్రాడు అడిగాడు. దీనికి ఫిలాసఫీ చెప్పే ఓపిక నాకు లేదు గానీ నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది, అందులో మన గుంటూరు, బందరు కూడా వస్తాయి, అది చెప్తా.

1835లో ఆగస్ట్ కామ్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త, నక్షత్రాల దూరం, సైజు కొలవచ్చేమో గానీ అవి దేంతో తయారయ్యాయో మనకి ఏనాటికీ తెలియదు అని రాసేశాడు. నిజమే కదా, వెళ్లి ముక్క తెచ్చుకోలేం. తమాషా ఏంటంటే దానికి సమాధానం అప్పటికే వచ్చేసింది, 1814లో ఫ్రౌన్‌హోఫర్ ఎండని పట్టకంలోంచి పంపితే రంగుల పట్టీలో ఐదొందలకి పైగా నల్లగీతలు కనపడ్డాయి, కాకపోతే వాటిని చదవడం ఎవరికీ రాదు. 1859లో కిర్షాఫ్, బున్సెన్ చదివారు: ఏ మూలకం గీతలు దానివే, మంటలో వెలిగినా ఎండలో నల్లబడినా వాటి చోటు మారదు. స్టవ్ మీద పప్పు పొంగితే నీలం మంట ఒక్కసారిగా పసుపు అవుతుంది చూడండి, అది ఉప్పులో సోడియం పని, 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర రెండు గీతలు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు, మద్రాసు నుంచి పోగ్సన్ బందరు వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో ఒక పసుపు గీత, సోడియం పక్కనే గానీ సోడియం కాదు, 587.6 దగ్గర. అదే గీతని అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే చూశాడు, చివరికి ఇది భూమ్మీద దొరకని మూలకం అని తేల్చి హీలియం అన్నారు. చాలామంది కెమిస్టులు ఒప్పుకోలేదు, సీసాలో చూపించమంటే ఎక్కణ్నుంచి తెస్తారు? 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి తీసి చూపించేదాకా 27 ఏళ్లు అది ఉత్త నమ్మకమే. (స్కూల్లో "హీలియంని గుంటూరులో కనుగొన్నారు" అని ఒక్క ముక్క బట్టీ పట్టించి వదిలేస్తారు, అసలు మజా అంతా ఆ 27 ఏళ్లలోనే ఉంది.)

ఇప్పుడు అసలు సంగతి. 1869 గ్రహణంలో సూర్యుడి చుట్టూ ఉండే పల్చటి వాయువుల పొర, అంటే కరోనాలో 530.3 దగ్గర ఆకుపచ్చ గీత దొరికింది, అదీ భూమ్మీద దేనికీ సరిపోలేదు, సరే ఇది కరోనియం అన్నారు. అంతకు ముందే 1864లో హగ్గిన్స్ నెబ్యులాలో (నక్షత్రాల మధ్య ఉండే వాయు మేఘం) చూసిన ఆకుపచ్చ గీతలకి నెబ్యులియం అని పేరు పెట్టుకున్నారు. మూడింటికీ లాజిక్ ఒకటే, మూడింట్లో ఏదీ అప్పట్లో ల్యాబ్‌లో తేలేది కాదు. ఒకటి నిజమైంది, రెండు తుస్సుమన్నాయి.

ఎలా తుస్సుమన్నాయంటే, 1913లో మోజ్లీ మూలకాలకి రైలు రిజర్వేషన్ చార్ట్ లాంటిది వేశాడు. హైడ్రోజన్ 1, హీలియం 2, ఒకటిన్నర అనే బెర్త్ ఉండదు. 43, 61, 75 ఖాళీగా కనిపించాయి కాబట్టి ఆ ప్యాసింజర్లు ఏదో స్టేషన్లో ఎక్కుతారని నమ్మొచ్చు. కరోనియంకి మాత్రం చార్ట్‌లో చోటే లేదు, మెండలీవ్ అంతటి వాడు దాన్ని హైడ్రోజన్ కంటే ముందు పెట్టి చూశాడు, అంటే ఒకటో బెర్త్‌కి ముందు ఇంకో బెర్త్! మరి టికెట్ లేనోడు బోగీలో ఎలా కనపడుతున్నాడు? తెలిసినవాడే వేషం మార్చుకుని కూర్చున్నాడన్నమాట.

1927లో బోవెన్ నెబ్యులియం వేషం తీసేశాడు, అది రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్. మామూలుగా ఉత్తేజిత పరమాణువు సెకనులో పది కోట్లవ వంతులో కాంతి వదిలేస్తుంది, ఈ గీతకి మాత్రం సగటున అర నిమిషం పైనే ఆగాలి, ల్యాబ్ గ్యాస్‌లో ఆ లోపే పక్క పరమాణువు గుద్ది శక్తి లాగేసుకుంటుంది, నెబ్యులాలో గుద్దేవాళ్లు తక్కువ కాబట్టి గీత బయటికొస్తుంది. 1939-43 మధ్య గ్రోట్రియన్, ఎడ్లెన్ కరోనియం సంగతి తేల్చారు, అది 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకున్న ఇనుము. అలా పోవాలంటే పది లక్షల డిగ్రీలకి పైన వేడి కావాలి, సూర్యుడి ఉపరితలం చూస్తే ఐదున్నర వేలే. ఒక తప్పుడు నమ్మకాన్ని తవ్వితే అంత పెద్ద ఆశ్చర్యం బయటపడింది.

కాబట్టి కరోనియంని నమ్మినవాళ్లు నా దృష్టిలో తప్పు చేయలేదు, తప్పు నమ్మారంతే. 530.3 అని నంబర్ చెప్పి మెడ ముందుకి చాచారు, అదే నంబర్ ఇంకోదానిదని తేలితే పోతుందని వాళ్లకీ తెలుసు. గ్రహణం మొర్రి సంగతి దీనికి పూర్తిగా రివర్స్. కడుపుతో ఉన్నావిడ గ్రహణం చూస్తే బిడ్డకి మొర్రి వస్తుందనేది హాయిగా టెస్ట్ చేయగలిగిన మాటే, చూసినావిడకి పిల్లాడు శుభ్రంగా పుడితే మాత్రం దర్భ పెట్టుకుంది కదా, దేవుడి దయ అని ఏదో ఒకటి తగిలిస్తారు. టెస్ట్ చేయలేకపోవడం ఒకటి, చేసిన ప్రతిసారీ తప్పించుకోవడం ఇంకోటి, నా గొడవంతా రెండోదాంతోనే. అసలు కొలతకే రాని నమ్మకాలు, సాటి మనిషిని హింసించకూడదు లాంటివి, వాటికి పట్టకం అవసరం లేదు, ఇక్కడ వాటి జోలికి పోను.

ఇలాంటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. నక్షత్రాల మధ్య ధూళిలోంచి వచ్చే కాంతిలో వందేళ్ల కిందటే దొరికిన మసక పట్టీలు ఇవాళ ఐదొందలు దాటాయి. ఈసారి ఎవరూ కొత్త మూలకం అనట్లేదు, చార్ట్ నిండిపోయింది కదా, పెద్ద పెద్ద కార్బన్ అణువులని చాలామంది నమ్మకం. 2015లో స్విట్జర్లాండులోని బాసెల్ ల్యాబ్‌లో బాగా చల్లార్చిన సి-60 (అరవై కార్బన్ పరమాణువుల బంతి లాంటి అణువు) అయాన్‌తో పోల్చి చూస్తే కొన్ని పట్టీలు సరిపోయాయి, మిగతా వాటిలో చాలావరకు ఎవరివో ఇంకా తేలలేదు.