తడాకు మీద మంచుబొట్టు

జనవరి పొద్దున్నే కందుకూరు, కొండపి వైపు పొగాకు చేలల్లో దిగితే నడుం దాకా మంచుకు తడిసిపోతాం. అడుగాకు కోయడం మొదలుపెట్టిన అరగంటకే అరచేతులకు బంక పడుతుంది. ముందు పసుపు, తర్వాత నలుపు. సబ్బుకు లొంగదు. ఎంత తోముకున్నా మధ్యాహ్నం అన్నం కలుపుకుంటే మొదటి ముద్ద చేదే. చిన్నప్పుడు సెలవుల్లో సరదాగా ఆకు కోతకు పోయి, రెండో రోజే కడుపులో తిప్పి గట్టు మీద కూలబడ్డాను. "మంచు ఆరినాక రా అబ్బయ్యా, తడాకు పట్టుకోబాక" అంది మా నాయనమ్మ.

ఆ మాట వెనక రసాయన శాస్త్రం ఉందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. నికోటిన్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఆకు మీది మంచు దాన్ని తనలో కలుపుకుని చర్మం గుండా ఒంట్లోకి దింపుతుంది. కూలీలకు వచ్చే వాంతులు, తలతిప్పు దానివల్లే.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్, జోల్టాన్ టకాట్స్ బృందం 2004లో ఈ మంచుబొట్టు పనినే యంత్రానికి అప్పగించింది. పద్ధతి పేరు డిసార్ప్షన్ ఎలక్ట్రోస్ప్రే అయొనైజేషన్. నోరు తిరగదు కాబట్టి డెసీ అందాం. మిథనాల్ కలిపిన నీటికి కొన్ని వేల వోల్టుల కరెంటు పెట్టి, నైట్రోజన్ గాలితో సన్నటి తుంపరగా వస్తువు మీదికి ఏటవాలుగా కొడతారు. ముందు పడ్డ తుంపర పల్చటి తడి పొరగా నిలిచి, అక్కడున్న పదార్థాన్ని కరిగించుకుంటుంది. వెనకొచ్చే తుంపర ఆ తడిని కొట్టగానే చిన్న చిన్న చుక్కలు చిట్లి లేస్తాయి. ఎదురుగా ఉన్న సన్నటి గొట్టం వాటిని పీల్చుకుంటుంది. దారిలో ద్రవం ఆవిరై, విద్యుదావేశం ఉన్న అణువులు మాత్రం లోపలి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు చేరతాయి. ఆ యంత్రం వాటి బరువు తూస్తుంది. నికోటిన్ అయితే 163 దగ్గర గీత లేస్తుంది: దాని సొంత బరువు 162, పైన తగులుకున్న ప్రోటాన్ ఒకటి.

తూకానికి కావలసిన శూన్యం, అంటే గాలి లేని చోటు, ఉండేది యంత్రం లోపలే. వస్తువు మాత్రం బల్ల మీద, మామూలు గాలిలో ఉంటుంది. ఎలర్జీ మాత్ర వేసుకున్న మనిషి వేలి మీంచే ఆ మందును పట్టుకుని చూపించారు వాళ్లు.

అంతకుముందైతే ఆకును నూరి, రసం తీసి, వడగట్టి చూసేవాళ్లు. ఎంత ఉందో తెలిసేది, ఎక్కడుందో తెలిసేది కాదు. పొగాకుకు ఆ 'ఎక్కడ' అనేదే అసలు కథ. మొక్క నికోటిన్‌ను వేళ్లలో తయారు చేసుకుని ఆకులకు పంపుతుంది. పొగాకు వేరు మీద టమాటా అంటు కడితే టమాటా ఆకుల్లోకీ నికోటిన్ ఎక్కింది! టంగుటూరు వేలం కేంద్రంలో బేలులోంచి ఆకు లాగి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి గ్రేడు చెప్పే చేతులు చాలా సంగతులు పట్టేస్తాయి కానీ, ఈనెలో ఏముంది, అంచులో ఏముంది అంటే అవీ చెప్పలేవు.

ఎక్కడ ఏముందో చూపే పటం గీయడానికి వస్తువును తుంపర కింద వరసలు వరసలుగా, చేను దున్నినట్టు, కదిలిస్తారు. చుక్క చుక్కకీ ఒక తూకం. చుక్క వెడల్పు 0.2 మిల్లీమీటర్లనుకుంటే 2 సెంటీమీటర్ల చదరపు ముక్కకు 10,000 చుక్కలు. చుక్కకో సెకను చొప్పున దాదాపు మూడు గంటలు. ఫోటోలా క్లిక్కుమంటే వచ్చేది కాదు.

పచ్చాకుతో ఇంకో చిక్కుంది. పైనున్న మైనపు పొర తుంపరను లోపలికి పోనివ్వదు. అందుకని ఆకును కాగితం మీదో టెఫ్లాన్ రేకు మీదో పెట్టి గట్టిగా నొక్కి అచ్చు తీస్తారు. ఎక్కడి రసం అక్కడే అంటుకుంటుంది, ఆ అచ్చును చదువుతారు. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో చేరే చెన్నై ఐఐటీలో టి. ప్రదీప్ బృందం బిళ్ళగన్నేరు ఆకులనూ పూలనూ ఇలాగే చూసింది. మన ఇళ్ల ముందు పూసే బిళ్ళగన్నేరే. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దాన్నుంచి వచ్చినవే.

ఈ పటాల్లోని ఎరుపూ పసుపూ చూసి మురిసిపోకూడదు. ఆ రంగులు కంప్యూటర్ వేసినవి. పక్కనున్న ఉప్పో ఇంకో పదార్థమో అడ్డుపడితే ఎక్కువున్న చోటు కూడా వెలవెలబోతుంది. పైగా పొగాకులోనే అనబాసిన్ అని ఇంకోటుంది. అణువులో పరమాణువులు నికోటిన్‌కు ఎన్నో దీనికీ అన్నే, అమరిక మాత్రం వేరు. తూకంలో ఇద్దరూ 163. కవలలను విడదీయాలంటే వాటిని యంత్రంలోనే ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ తూయాలి. ఆ పని చేయకుండా "ఇదిగో నికోటిన్ పటం" అని ఎవరైనా చూపిస్తే నేనైతే నమ్మను.

కుక్స్ దగ్గర చదువుకున్న లివియా ఎబర్లిన్ బృందం 2017లో పెన్నులాంటి పరికరం తయారు చేసింది. ఇందులో తుంపర లేదు, వోల్టులూ లేవు. ఆపరేషన్ బల్ల మీద రోగి కండకు ఆనిస్తే ఒక్క నీటిబొట్టు, 10 మైక్రోలీటర్లది, మూడు సెకన్లు అక్కడ నిలుస్తుంది. కరిగినంత కరిగించుకుంటుంది. కండ చెక్కుచెదరదు. బొట్టును పీల్చుకుని తూస్తే అది క్యాన్సరో కాదో తేలుతుంది. తడాకు మీద మంచు నా చేతులకు చేసిందీ ఇదే పని. అక్కడ తూకం రాళ్లు లేవు, నా కడుపే చెప్పింది.