ఇండెంటు మీద కనిపించని ధర

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న కార్యాలయం. రిజిస్టర్లు నిండుకున్నాయి. గుమాస్తా ప్రభుత్వ ముద్రణాలయానికి ఇండెంటు (సరుకు కావాలని కోరే పత్రం) రాసి, ఫారం నంబరు, ఎన్ని కావాలో వేసి, అధికారి సంతకం తీసుకుంటాడు. వాటి అచ్చుకు ఎంత ఖర్చవుతుందో అతను లెక్కించనక్కరలేదు. ఈ అలవాటు చాలా పాతది.

ప్రభుత్వ పద్దుల్లో సేవా శాఖలు, వాణిజ్య శాఖలు అని ఒక విభజన ఉంది. వాణిజ్య శాఖ చేసిన పనికి బిల్లు వేస్తుంది. సేవా శాఖ మామూలుగా సాటి శాఖకు బిల్లు వేయదు. డబ్బు ఒకే ఖజానాది కాబట్టి కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకోవడానికి ఇన్ని కాగితాలు ఎందుకన్నది దాని వెనుక ఆలోచన. అందుకే ముద్రణకు, స్టేషనరీకి 2058 అనే ఉమ్మడి పద్దు ఏర్పడింది. స్టేషనరీ కొనుగోలు, ఫారాల ముద్రణ, ముద్రణాలయాల నిర్వహణ, బయట వేయించిన అచ్చు ఖర్చు అన్నీ అందులోనే వేర్వేరు ఉపపద్దులు. వచ్చే రాబడి 0058లో జమ అవుతుంది. ఫారం వాడిన శాఖ ఖర్చులో మాత్రం ఆ ఫారం కనిపించదు.

దూరం ఖర్చు కూడా అలాగే మరుగున పడింది. 1936 దాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. 1953 వరకు పాలన మద్రాసు నుంచే. తరువాత రాజధాని కర్నూలుకు, 1956లో హైదరాబాదుకు మారింది. రాష్ట్ర విభజన తరువాత చూపు విజయవాడ వైపు తిరిగింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలుగా ఏర్పడ్డాయి. కానీ రాజధాని ఎటు మారినా ఈ రెండు జిల్లాలూ రాష్ట్రానికి ఈశాన్యపు చివరనే మిగిలాయి. కాగితం కట్టలకు దారి ఖర్చు ఎక్కువయ్యేది ఇటువంటి చోటుకే.

అసలు చిక్కు ధర కట్టడంలో ఉంది. కాగితం, సిరా, ప్లేట్లు పనిని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. జీతాలు, భవనం, యంత్రాల అరుగుదల పని ఉన్నా లేకున్నా ఉంటాయి. ఉదాహరణకు ఈ స్థిర ఖర్చు నెలకు 10 లక్షల రూపాయలనుకుందాం. 10 లక్షల కాగితాలు అచ్చయితే ఒక్కోదాని మీద రూపాయి పడుతుంది. పని సగానికి తగ్గితే అదే 2 రూపాయలు. అప్పుడు ప్రభుత్వ ముద్రణాలయం ఖరీదైనదిగా కనిపిస్తుంది. మరో శాఖ పట్టణంలోని ప్రైవేటు ప్రెస్సుకు వెళుతుంది. మిగిలినవారి మీద భారం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. బయటి బిల్లు చెల్లించిన నెలలోనే ఖాళీగా ఉన్న యంత్రం దగ్గర కూర్చున్న కార్మికుడికీ జీతం ఇవ్వాలి. అంటే ప్రజాధనం ఒకే పనికి రెండుసార్లు ఖర్చవుతుంది. తప్పు ఆ కార్మికుడిది కాదు. అతని చేతికి పని చేర్చని లెక్కది.

కంప్యూటర్లు వచ్చాక అచ్చు పని తగ్గి ఈ ఒత్తిడి పెరిగింది. 2018 నుంచి రాష్ట్రంలో బిల్లులు సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ ఆర్థిక వ్యవస్థలోకి వెళ్లాయి. కేంద్రం 2017లోనే తన 17 ముద్రణాలయాలను ఐదుగా కలపాలని నిర్ణయించింది.

శాఖల నుంచి వసూలు మొదలుపెడితే, ఒకప్పుడు విజయనగరం జిల్లాలో ఉండి 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన కొండ మండలాల చిన్న కార్యాలయాలే ముందు ఇబ్బంది పడతాయి. వాటి చేతిలో ఉండే ఆఫీసు ఖర్చుల సొమ్ము స్వల్పం. కాబట్టి వసూలు చేయకపోయినా, పంపిన ప్రతి కట్టతో పాటు కాగితం, కూలి, స్థిర ఖర్చు, రవాణా విడివిడిగా చూపే ధర చీటీ పంపాలి. దాని నకలును ఆ శాఖ బడ్జెట్ ప్రతిపాదనకు జతచేయాలి.