ఊక బాయిలర్ల ఫైర్ బ్రిక్ గోడలు: అపోహలు - వాస్తవాలు

మండపేట, తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లుల్లో ఊకతో నడిచే బాయిలర్లకు ఫైర్ బ్రిక్ (అధిక వేడిని తట్టుకొనే ఇటుక) గోడలు కట్టించడం నా వృత్తి. గోడ పాడైన ప్రతిచోటా దాదాపు ఒకే రకం అపోహలు వినిపిస్తాయి, వాటిని నమ్మి కట్టిన కొత్త గోడ కూడా పాతదాని దారినే పోతుంది.

అపోహ: ఇటుక వేడికే పాడవుతుంది కనుక ఎక్కువ వేడిని తట్టుకొనే రకం వేస్తే చాలు.

వాస్తవం: మేలైన ఫైర్ బ్రిక్ కరగాలంటే 1,600 డిగ్రీలు దాటాలి. ఊక ఫర్నేస్‌లో అంత వేడి పుట్టదు. గోడను తినేది బూడిదలోని పొటాష్, అంటే పొటాషియం లవణాలు. ఊక బూడిదలో అధిక భాగం సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. శుద్ధమైన సిలికా 1,700 డిగ్రీలు దాటితే గాని కరగదు, అయితే పొటాష్ తోడైతే ఆ మిశ్రమం సుమారు 770 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. ఆ ద్రవం ఇటుక రంధ్రాల్లోకి ఇంకుతుంది, ఆవిరిగా వచ్చే పొటాషియం లవణాలు ఇంకా లోతుకు చేరతాయి. అక్కడ అవి ఇటుకలోని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్)తోను, సిలికాతోను కలిసి ల్యూసైట్, కాల్సిలైట్ వంటి ఖనిజాలుగా మారి, మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల ఇటుక లోపలి నుంచే చీలుతుంది. ఊడిన ఇటుకను అడ్డంగా పగలగొడితే మంట వైపు గాజులా మెరిసే పొర, దాని వెనుక రంగు మారిన పట్టీ, ఆ వెనుక ఇటుక అసలు రంగు కనిపిస్తాయి. చీలిక సాధారణంగా ఆ పట్టీ అంచు వెంట, మంట ముఖానికి సమాంతరంగా సాగుతుంది.

ఊక చాలనప్పుడు కోనసీమ కొబ్బరి డొక్కలు గాని, వరిగడ్డి గాని కలిపి కాల్చే చోట ఈ నష్టం మరింత త్వరపడుతుంది, ఎందుకంటే వాటి బూడిదలో పొటాష్ వాటా ఊక బూడిదలో కంటే చాలా ఎక్కువ, పైగా క్లోరిన్ కూడా తోడవుతుంది. అందుకే ఇటుక ఎంపికకు ముందు నేను అడిగేది, ఏడాది పొడవునా ఏమేమి కాలుస్తారని.

అపోహ: అల్యూమినా శాతం పెరిగేకొద్దీ ఇటుక మేలు.

వాస్తవం: పొటాష్ దాడి ఉన్నచోట ఇది తరచు తారుమారవుతుంది. సిలికా వాటా ఎక్కువగా, రంధ్రాలు తక్కువగా ఉన్న ఇటుక ముఖం మీద చిక్కని గాజు పూత ఏర్పడి, వెనుక వచ్చే పొటాష్‌ను ఆపుతుంది. అల్యూమినా మరీ ఎక్కువైతే ఆ పూత సరిగా కుదరక, ఉబ్బే ఖనిజాలే పుడతాయి. దాడి తీవ్రమైన చోట సిలికాన్ కార్బైడ్ ఇటుక ఖరీదైనా నిలుస్తుంది. కొనేవారు ముందుగా అడగవలసింది రంధ్రాల శాతమని నా దృఢమైన అభిప్రాయం.

అపోహ: గోడకు పట్టిన, బూడిద కరిగి గడ్డకట్టిన క్లింకర్‌ను గునపంతో పూర్తిగా రాల్చేయాలి.

వాస్తవం: వదులుగా వేలాడే ముద్దలను మాత్రమే తీయాలి. ఇటుకతో ఏకమైన పొరను పెళ్లగిస్తే ఇటుక ముఖం కూడా ఊడివస్తుంది.

అపోహ: మిల్లు ఆగి ఉన్నన్నాళ్లు గోడకు ఏమీ కాదు.

వాస్తవం: డెల్టా వానాకాలపు తేమను గోడలోని లవణాలు పీల్చుకుంటాయి, ఆపైన ఒక్కసారిగా మంట పెడితే ఆ నీరు ఆవిరై పొరలను తోసేస్తుంది. కొత్తగా పోసిన, వేడిని తట్టుకొనే కాంక్రీటైన కాస్టబుల్‌ను ఆరబెట్టకుండా వదిలేస్తే తేమ, క్షారాలు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి దాని సిమెంటు బంధాన్ని విడగొడతాయి, పైపొర చేత్తో రుద్దితేనే పిండిలా రాలుతుంది. కాస్టబుల్ గట్టిపడగానే సన్నని మంటతో 110 డిగ్రీల దగ్గర చాలాసేపు నిలిపి, తరువాతే మెల్లగా వేడి పెంచాలి.