పదును దొరకాలి, నెలా కుదరాలి

విశాఖలో స్టేడియం మోటోక్రాస్, అంటే మైదానంలో మట్టి దిబ్బలు పోసి వాటి మీదుగా దూకించే బైకు పందెం, పెడితే ఎలా ఉంటుందని బైకుల కుర్రాళ్ళు మాట్లాడుకున్నప్పుడల్లా చర్చ మధురవాడ క్రికెట్ స్టేడియమా, పోర్టు స్టేడియమా అన్న దగ్గరే తిరుగుతుంది. నేను ముందు అడిగేవి వేరే రెండు: మట్టి ఎక్కడిది, నెల ఏది?

మోటోక్రాస్ పుట్టింది బయలులో. 1924లో ఇంగ్లండ్‌లోని కాంబర్లీ దగ్గర జరిగిన స్క్రాంబుల్ అనే బైకు పందేన్ని దీనికి మూలంగా చెబుతారు. గుట్టలు, వాగులు, గడ్డి నేలలు. వాన పడితే నీళ్ళు కొంత ఇంకేవి, కొంత పల్లానికి పోయేవి. 1972 జూలైలో ప్రమోటర్ మైక్ గుడ్విన్ ఈ పందేన్ని లాస్ ఏంజెలెస్ కొలీజియంలోకి తెచ్చాడు. 16 ఏళ్ళ మార్టీ ట్రైప్స్ గెలిచాడు. 1974కల్లా అమెరికాలో ఛాంపియన్‌షిప్ మొదలైంది, తర్వాత ఈ స్టేడియం పందేనికి సూపర్‌క్రాస్ అన్న పేరు స్థిరపడింది. అప్పటిదాకా బైకు మట్టిని వెతుక్కుంటూ వెళ్ళేది. ఇక మట్టే లారీలెక్కి రావాల్సి వచ్చింది.

ఒక ట్రాక్‌కి సుమారు 500 లారీల మట్టి పడుతుంది. మైదానంలో గడ్డి చెడకుండా ప్లాస్టిక్ పట్టా, దానిమీద ప్లైవుడ్ పరిచి, ఆపైన మట్టి పోస్తారు. చిక్కంతా ఇక్కడే. క్రికెట్ కోసం గడ్డి కింద ఎంత మంచి డ్రైనేజీ వేసినా ఆ పట్టా దాటి నీళ్ళు దిగవు. పళ్ళెంలో పోసిన మట్టి మీద వాన పడ్డట్టే. అందుకే మబ్బు పట్టగానే పైపొరను నున్నగా అణగ్గొట్టి టార్పాలిన్లు కప్పుతారు.

మంచి ట్రాక్ మట్టికి పరీక్ష రైతుకు తెలిసిందే. పిడికెడు తీసి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి, చేతికి అంటకూడదు. మన పదునే. బంక తక్కువైతే జంప్ అంచు కొద్ది ల్యాపులకే జారిపోతుంది. ఎక్కువైతే ఎండినప్పుడు గచ్చులా నున్నబడి టైరు జారుతుంది, తడిసినప్పుడు చక్రాన్ని వదలదు.

వదలకపోవడం అంటే ఏమిటో నాకు ఒక అక్టోబరులో తెలిసింది. ఆనందపురం వైపు కొత్త లేఅవుట్‌లోకి స్కూటర్ తిప్పాను. ఇరవై గజాలు పోకముందే ముందు చక్రం బిగుసుకుపోయింది. మడ్‌గార్డ్ లోపల ఎర్రమట్టి కూరేసినట్టు ఉంది. పుల్లతో పొడుస్తుంటే తాపీమేస్త్రి ఒకాయన చూసి, "నడిపించుకెళ్ళిపోండి బాబూ, అది ఇప్పట్లో వదల్దు" అన్నాడు. రేసులో రైడర్‌కి ఆ వీలు లేదు. బైకు మీద కిలోల కొద్దీ బురద, మట్టి పూడిన రేడియేటర్, కాలిపోతున్న క్లచ్. దాంతోనే జంప్ చేయాలి. కళ్ళజోడు మీద పలచని ప్లాస్టిక్ పొరలు ఒక్కొక్కటే లాగి పారేస్తూ దారి చూసుకోవాలి. అందరూ ఒకే గాడిలో పడతారు, గాడి లోతవుతుంది. ఎవరు వేగమో కాదు, ఎవరు పడలేదో అన్నట్టు సాగుతుంది పందెం.

2019లో అమెరికా సూపర్‌క్రాస్ సీజన్ మొదటి రౌండు అనాహైమ్‌లో తడిలోనే జరిగింది, జస్టిన్ బార్షియా గెలిచాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో శాన్ డియేగోలో మరీ బురద. కానీ ఆ రాత్రి గుర్తుండిపోయింది సున్నం వల్ల. తడి లాగేయడానికి మట్టిలో సున్నం కలిపారు. బురదతోపాటు అదీ ఒంటిమీద పడి రైడర్లకు చర్మం కాలింది, బైకుల భాగాలు పాడయ్యాయి. సున్నం తడి తగిలితే ఏం చేస్తుందో కిళ్ళీలో కాస్త ఎక్కువై నోరు పొక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అల్యూమినియాన్నీ అది తినేస్తుంది. తడిసిన మట్టిని బాగుచేయడానికి దగ్గరిదారి లేదని నాకు అర్థమైంది ఆ ఉదంతంతోనే.

ఇప్పుడు మన ఊరు. ఇక్కడ వానలకు అక్టోబరు పెట్టింది పేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది, 14న మధురవాడలో జరగాల్సిన భారత్, వెస్టిండీస్ వన్డే రద్దయింది. కొండల దగ్గర దొరికే గ్రావెల్ చవకే గానీ రాళ్ళుంటాయి. వెనక చక్రం విసిరే గులకరాయి వెనకొచ్చేవాడి మొహానికి తగులుతుంది, కాబట్టి జల్లెడ పట్టాల్సిందే. చెరువు మట్టి కలిపితే బంక వస్తుంది. పాళ్ళు ఎంతన్నది ఇంజినీరు కంటే ఇటుక బట్టీవాళ్ళు త్వరగా చెప్పగలరనుకుంటా. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వైపు మాత్రం ఎవరూ చూడకూడదు. అది పిండిలాంటి ఇసుక, పైగా కాపాడుకోవాల్సిన భూవారసత్వం.

మన దేశంలో సూపర్‌క్రాస్ లీగ్ తొలి సీజన్ 2024 జనవరి, ఫిబ్రవరిల్లో పుణె, అహ్మదాబాద్, బెంగళూరుల్లో జరిగింది. విశాఖకూ ఆ రెండు నెలలే నయం. జనవరి సగం సంక్రాంతికే పోతుంది. మిగిలేది ఫిబ్రవరి, అదీ క్రికెట్ వాళ్ళు తమ ఔట్‌ఫీల్డ్ మీద 500 లారీల మట్టికి ఒప్పుకుంటే.